రాజీవ్ రహదారి పాత స్టేజీల పేర్లు తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మా నాన్న చాలా ఏండ్లు సికింద్రాబాద్ నుంచి రామగుండం దాకా లారీ నడిపిండు. ‘రాజీవ్ రహదారి’ అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అల్వాల్‌లో ఉంటే అది కరీంనగర్ రోడ్డు. కరీంనగర్‌లో దిగితే అదే హైదరాబాద్ రోడ్డు, ఊరు దాటినంక పెద్దపల్లి రోడ్డు. కాగితాల మీద మాత్రం స్టేట్ హైవే 1.

ఇప్పుడు ఆయనకు చూపు తగ్గింది. సాయంత్రం పూట ఒక్కో ఊరు చెబుతుంటే నోటుబుక్కులో రాసుకుంటున్నాను. శామీర్‌పేట, తుర్కపల్లి, వంటిమామిడి, గౌరారం, ప్రజ్ఞాపూర్, కుకునూర్‌పల్లి, సిద్దిపేట, శనిగరం, గుండ్లపల్లి స్టేజీ, అలుగునూరు... కళ్లు మూసుకుని, స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు తిప్పుతూ చెప్పిండు. మానేరు వంతెన దాకా ఎక్కడా తడుముకోలేదు.

సుల్తానాబాద్ దాటినంకనే ఆగిపోతున్నడు. పెద్దపల్లి, బసంత్‌నగర్ గుర్తున్నాయి గానీ మధ్యలో లారీలు ఆగే చోట్లు, మలుపులకు డ్రైవర్లు పెట్టుకున్న పేర్లు అందడం లేదు. అవి మ్యాపులో దొరికే పేర్లు కావు.

సుల్తానాబాద్ నుంచి గోదావరిఖని దాకా ఆ రోడ్డు మీద తిరిగినవాళ్లు, ఆ ఊళ్లవాళ్లు ఎవరైనా ఉన్నారా? రోడ్డు వెడల్పు కాకముందు మీ పెద్దలు ఏ స్టేజీని ఏమని పిలిచేవారో, ఏ ఊరి తర్వాత ఏది వస్తుందో వరుసలో చెప్పండి. ఒక్క పేరు తెలిసినా రాయండి, రాత్రికి ఆయనకు చదివి వినిపిస్తాను.