మంచి జవాబు గుడ్ ఈవెనింగ్ పూల కింద పూడిపోతోంది, మీ గ్రూపుల్లో ఏం చేస్తున్నారు?

రాయగడ_రైలుబండి
ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువాళ్ల కోసం వాట్సాప్ గ్రూపు ఒకటి నడుపుతున్నాను. వచ్చే ప్రశ్నలు తిప్పి తిప్పి అవే. వైద్యానికి విశాఖ వెళ్తే ఒడిశా కార్డు నడుస్తుందా, పిల్లాణ్ణి అటు ఆంధ్రా కాలేజీలో చేర్చాలంటే ఇక్కడి రెసిడెన్స్ సర్టిఫికెట్ సరిపోతుందా, గుణుపురం బండి వేళ మారిందా. ఎవరో ఒకాయన ఓపిగ్గా కూర్చుని ఏ కాగితం తర్వాత ఏ కాగితమో వరసగా రాస్తారు. సాయంత్రానికల్లా దాని మీద గుడ్ ఈవెనింగ్ పూలు, పెళ్లిరోజు శుభాకాంక్షలు, ఎక్కడిదో వాస్తు వీడియో. వారం తిరక్కుండా అదే ప్రశ్న మళ్లీ. ఆయన మాత్రం ఎన్నిసార్లని రాస్తారు? ఊరుకున్నారు.

రెండు సంగతులు అడుగుతున్నాను. పది జవాబుల్లో పనికొచ్చేది ఏదో మీరెలా తేలుస్తున్నారు? తేలాక నలుగురి కళ్లా పడేలా ఎక్కడ పెడుతున్నారు?

బరంపురం_పట్టు
రెండోది ముందు చెప్తాను, అది తేలిక. వాట్సాప్‌లో పిన్ చేస్తే ఎక్కువలో ఎక్కువ 30 రోజులు, తర్వాత దానంతటదే ఊడిపోతుంది. స్టార్ పెట్టుకుంటే మీ ఒక్కరికే కనబడుతుంది. మేం టెలిగ్రామ్‌కి మారాం. అక్కడ మనం తీసేదాకా పిన్ ఉంటుంది, హ్యాష్‌ట్యాగ్ నొక్కితే పాతవన్నీ వరసగా వస్తాయి. మావి నాలుగే ట్యాగులు: ఆసుపత్రి, కాగితాలు, రైలు, చదువు. అంతకు మించితే ఎవరికీ గుర్తుండవు. మారడానికి పెద్దవాళ్లు చాలా మొరాయించారు, ఆ కథ ఇంకోసారి.

గుణుపురం_పత్తిచేను
లైకులు చూసి జవాబు మంచిదనుకోకండి బాబూ. మా రైతుల గ్రూపులో పత్తికి గులాబీ రంగు పురుగు పట్టిందని ఒక కుర్రాడు అడిగాడు. ఒకాయన మందు డబ్బా ఫోటో పెట్టి "ఇది కొట్టు, వారంలో చూడు" అన్నాడు. దండాలు, చప్పట్లు, గుండె బొమ్మలు గుట్టగా పడ్డాయి. దాని కింద ఒక ముసలాయన నిదానంగా రాశాడు. ముందు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేవి) కట్టు, పొద్దున్నే వెళ్లి పడిన రెక్కల పురుగులు లెక్కపెట్టు, బుట్టకి ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే అప్పుడు మందు సంగతి చూడు, గుడ్డిపూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) కనబడితే ఏరి కాల్చెయ్యి అని. దానికి ఒక్కరు బొటనవేలు చూపిస్తే ఒట్టు. పొడుగ్గా ఉంది కదా, ఎవరు చదువుతారు?

పత్తి ఏరే రోజుల్లో ఆ కుర్రాడే మళ్లీ వచ్చి చెప్పాడు: బుట్టలు కట్టాను, ఒక మందు ఖర్చు తగ్గింది అని. అప్పుడు జనం వెనక్కి వెళ్లి ముసలాయన రాసింది వెతుక్కున్నారు.

అప్పట్నుంచి మాకు ఒకటే పద్ధతి. అడిగినవాడు తర్వాత వచ్చి ఏమయిందో చెప్పి తీరాలి. చెప్పకపోతే అడ్మిన్ పేరు పెట్టి పిలుస్తాడు. చేసి చూసి పని అయిందన్న జవాబుకే పచ్చ టిక్కు. మిగతా దండాలన్నీ మర్యాదకే.

జయపురంవాణ్ణి_విశాఖలో
అన్నా, మీరు పెట్టిన ఆ టిక్కు మా ప్రోగ్రామర్లకి రోజూ అన్నం పెట్టేది. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్న-జవాబుల సైటులో అడిగినవాడు తనకు పనికొచ్చిన జవాబుకి టిక్కు కొడతాడు. రాసినవాడికి దానికి 15 పాయింట్లు, మిగతావాళ్లు వేసే ఒక్కో ఓటుకి 10. చాలాకాలం టిక్కు పడ్డ జవాబే పైన కూర్చునేది, కింద దానికి ఎన్ని ఓట్లున్నా సరే. 2021లో ఆ పద్ధతి తీసేశారు. అడిగినవాడికి తన పని అయిందా లేదా అన్నంతవరకే తెలుసు, ఇంతకంటే మంచి దారి ఉందా అన్నది అతనికేం తెలుసు? మొదట పనిచేసిన దానికి టిక్కు కొట్టి వెళ్లిపోతాడు. ఏళ్ల తరబడి అదే పైన ఉంటే కొత్తగా వచ్చినవాడు దెబ్బతింటాడు.

లైకుల లెక్కలోనూ తిరకాసు ఉంది. ఒక్కరే ఓటేసి బాగుందంటే నూటికి నూరు. యాభై మంది వేసి నలభై మంది బాగుందంటే నూటికి ఎనభై. మరి ఏది పైన ఉండాలి? 2009లో రెడిట్ అనే చర్చల సైటు 'బెస్ట్' అనే వరస తెచ్చినప్పుడు దీనికి విల్సన్ సూత్రం వాడింది. ఎడ్విన్ విల్సన్ 1927లో ఇచ్చిన సూత్రం అది. ఇంతమందే చెప్పారు కాబట్టి తక్కువలో తక్కువ ఎంతవరకు నమ్మొచ్చు అని చూస్తుంది. 95 శాతం నమ్మకంతో లెక్కేస్తే ఒక్క ఓటు జవాబుకి 0.21, యాభై ఓట్ల దానికి 0.67 వస్తాయి. మన గ్రూపుల్లో ఎవరూ ఇంత లెక్క వెయ్యరనుకోండి. కానీ ఒకరిద్దరి మెచ్చుకోలు చూసి పిన్ చెయ్యకూడదని తెలిస్తే చాలు.

ఇంకోటి, మొదటి లైకు చాలా ప్రమాదం. 2013లో సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ఒక వార్తల సైటులో కొన్ని కామెంట్లకి, అవి ఎలాంటివని చూడకుండా, ముందే ఒక అనుకూల ఓటు వేసి వదిలారు. చివరికి వాటి మార్కు సగటున 25 శాతం ఎక్కువ తేలింది. ముందు ఒకరు దండం పెడితే వెనకవాళ్లూ పెడతారు, అంతే. అందుకే రెడిట్‌లో కొన్నిచోట్ల మొదట కాసేపు ఓట్ల లెక్క కనబడనివ్వరు.

పర్లాకిమిడి_మాస్టారు
మీరంతా మంచి జవాబును పైకి ఎక్కించడం గురించే మాట్లాడుతున్నారు. దించడం సంగతేమిటి? మా గ్రూపులో అన్నిటికంటే ఎక్కువ మెప్పు పొందిన సందేశం బిజు స్వాస్థ్య కల్యాణ్ యోజన కింద చూసే ఆసుపత్రుల జాబితా. రాసినప్పుడు బంగారంలాంటి జవాబే. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో పథకమే మారింది, ఆయుష్మాన్ భారత్-గోపబంధు జన ఆరోగ్య యోజన వచ్చింది. పిన్ మాత్రం అలాగే ఉంది. ఒక కుటుంబం ఆ జాబితా చూసుకుని రోగిని తీసుకుని అటు వెళ్లింది. కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ చూసి, ఇది పాత పథకానిదండీ అంది. రోగి కుర్చీలో, వెంట వచ్చినవాళ్లు మెట్ల మీద నిలబడి మాకు ఫోన్లు. అంత టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇప్పుడు పైన పెట్టే ప్రతి జవాబుకీ మొదటి లైనులో "ఇది ఫలానా నెలలో సరిచూసింది" అని ఉండాలి. తేదీ లేనిదాన్ని నేను పిన్ చెయ్యను. ఎన్ని వందల లైకులున్నా చెయ్యను.

జయపురం_వంటిల్లు
మాస్టారూ, మీ మాట బాగుంది గానీ మా దగ్గర ఇంకో చిక్కు ఉంది. మా ఆడవాళ్ల గ్రూపులో సగం మందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఒడియా బళ్లో చదువుకున్నాం కదా. అందుకని మంచి జవాబులన్నీ వాయిస్‌లోనే ఉంటాయి. బాలింతకి పథ్యం దగ్గర్నుంచి అంగన్‌వాడీలో పేరు ఎలా రాయించాలి అన్నదాకా. అవి వెతికితే దొరకవు, ట్యాగూ అంటదు. నేనేం చేస్తున్నానంటే, బాగుందనిపించిన వాయిస్‌కి రిప్లైగా రెండు లైన్లు, తెలుగులో ఒకటి ఒడియా లిపిలో ఒకటి, రాసి పెడుతున్నాను. వెతికితే నా లైను దొరుకుతుంది, దాన్ని నొక్కితే వాయిస్ దొరుకుతుంది.

మా వాళ్లు లైకు కూడా కొట్టరండీ. పెద్దావిడ మాటకి బొటనవేలు చూపిస్తే ఏమనుకుంటుందో అని మొహమాటం. కాబట్టి లైకులు లేని జవాబు చెడ్డదని మాత్రం అనకండి. ఎంతమంది మళ్లీ మళ్లీ ఫార్వర్డ్ అడుగుతున్నారో నేను అది చూస్తాను.

సిరొంచ_గోదారి
మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. పిన్ ఎవరూ చదవరు. మేం ఆదివారం పొద్దున ఆ వారం పనికొచ్చిన జవాబులు ఏరి ఒకే సందేశంగా వేస్తాం, రాసినవాళ్ల పేర్లతో. గోడ మీద రాసింది ఎవరూ చూడరు, చేతిలో పెడితే చదువుతారు. పేరు వచ్చిందని ఆయనా సంతోషిస్తాడు, మళ్లీ రాస్తాడు.

రాయగడ_రైలుబండి
'టాప్ హెల్పర్' అని బిరుదులిస్తే ఎలా ఉంటుంది?

బరంపురం_పట్టు
వద్దు. మేం ఇచ్చాం. రైళ్ల సంగతి చక్కగా చెప్పేవాడికి బిరుదిస్తే మర్నాటి నుంచి భూమి రిజిస్ట్రేషన్‌కీ, షుగర్ మాత్రలకీ కూడా ఆయనే జవాబు. బిరుదు చూసి జనం నమ్మేస్తున్నారు. ఇవ్వాలంటే 'రైళ్ల వరకు' అని రాసి ఇవ్వండి.

జయపురంవాణ్ణి_విశాఖలో
దానికి మంచి ఉపాయం స్లాష్‌డాట్ అనే పాత టెక్నాలజీ వార్తల సైటులో ఉంది. అక్కడ మార్కుతో పాటు ఎందుకు వేశారో కూడా చెప్పాలి: సమాచారం ఉందనా, ఆలోచింపజేసిందనా, నవ్వొచ్చిందనా. మన గ్రూపుల్లో పకపకా నవ్వించిన జోకు, ఆసుపత్రి జవాబు, రెండిటికీ అదే గుండె బొమ్మ. ఒక్క గుర్తును "నేను చేసి చూశాను" అన్నదానికే అట్టేపెట్టండి. దాన్ని ఇంకెందుకూ వాడొద్దని ముందే చెప్పెయ్యండి.

గుణుపురం_పత్తిచేను
నేను చెప్పిందీ అదే కదా బాబూ.

జయపురంవాణ్ణి_విశాఖలో
కాకపోతే అడిగినవాడు ఒక్కడే కాదన్నా, చేసి చూసిన ప్రతి ఒక్కరూ పెట్టాలి. మీ కుర్రాడి చేను నీటి వసతి ఉన్నది, పక్కవాడిది మెట్ట. ఇద్దరూ అయిందంటే అప్పుడు గట్టిది.

గుణుపురం_పత్తిచేను
అది ఒప్పుకుంటాను. మెట్టవాళ్లు ఎవరూ చెప్పలేదు.

రాయగడ_రైలుబండి
సరే, మొదలుపెడుతున్నాను. చేసి చూసినవాళ్లకి పచ్చ టిక్కు, పైన పెట్టే ప్రతిదానికీ మాస్టారి తేదీ, సిరొంచ వాళ్లలాగా ఆదివారం సందేశం, దానికి అక్కగారిలాగా ఒడియా లిపిలో ఒక లైను. టెలిగ్రామ్ సంగతి దసరా తర్వాత చూద్దాం. పాతబడ్డవి ఎవరు దించాలన్నది మాత్రం గ్రూపులోనే ముగ్గురిని ఎన్నుకోమంటాను. నేనొక్కణ్ణే దించితే మొదట దించాల్సింది మా బావ రాసింది, ఆ తర్వాత నాకు ఇంట్లో అన్నం పుట్టదు.