జో లూయిస్ నేవీకి డబ్బు ఇవ్వడం సరైన పనేనా?

ప్రసాద్_బెజవాడ
1942 జనవరి 9న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నల్లజాతి బాక్సర్, హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ బడ్డీ బేర్‌ను మొదటి రౌండులోనే పడగొట్టాడు. తన వాటాగా వచ్చిన 47 వేల డాలర్ల దాకా సొమ్మును నేవీ సహాయ నిధికి ఇచ్చేశాడు. అప్పట్లో అమెరికా నేవీ నల్లజాతి వాళ్లను వంటింటి పనికి, ఆఫీసర్లకు భోజనం వడ్డించడానికి మాత్రమే తీసుకునేది. ఇలాంటి నేవీకి ఎందుకిచ్చావని నల్లజాతి వాళ్లలోనే కొందరు ఆయన్ని నిలదీశారు. ఇవ్వకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

రమణమూర్తి
ఇవ్వడమే సరైన పని. అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసి నెల తిరిగింది అంతే. ఓడిపోతే టైటిల్ పోతుంది, గెలిస్తే చేతికి రూపాయి రాదు. అయినా బరిలోకి దిగాడు. వెంటనే సైన్యంలో మామూలు సిపాయిగా చేరాడు. మార్చి 27న ఏబ్ సైమన్‌తో ఆడి ఆ డబ్బు ఆర్మీ నిధికి ఇచ్చాడు. ఊరికే ఎందుకు ఆడుతున్నావని అడిగినవాళ్లకు, ఊరికే కాదు, నా దేశం కోసం ఆడుతున్నానని చెప్పాడు. అమెరికాలో తప్పులు చాలా ఉన్నాయి గానీ వాటిని హిట్లర్ సరిచెయ్యడు అని కూడా అన్నాడు.

ఫలితం చూడండి. జనవరిలో పోటీ జరిగింది. ఏప్రిల్ 7న నేవీ తన పద్ధతి మార్చుకుని, జూన్ 1 నుంచి నల్లజాతి వాళ్లను మిగతా పనుల్లోకీ తీసుకుంటామని ప్రకటించింది. ముందు ఇచ్చినవాడు అడిగితేనే ఎదుటివాడు వింటాడు.

వెంకట్_డాలస్
అసలు అన్యాయం ఎవరూ చెప్పడం లేదు. ఆయన విరాళంగా ఇచ్చేసిన డబ్బును కూడా ఆదాయంగా లెక్కేసి టాక్స్ కట్టమన్నారు. 1949లో రిటైర్ అయిన మనిషి ఆ బాకీ కోసమే 1950లో మళ్లీ గ్లవ్స్ తొడిగి ఎజర్డ్ చార్లెస్ చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత రెజ్లింగ్ కూడా చేశాడు. దేశానికి ఇస్తే దక్కింది ఇదీ.

సుజాత_కె
వెంకట్ గారూ, రెండు పోటీల డబ్బు కలిపినా లక్ష డాలర్లు లేదు. బాకీ 5 లక్షలు దాటింది. అంతా ఆ విరాళాల వల్లేనని ఎలా అంటారు?

వెంకట్_డాలస్
అంతా దానివల్లే అని నేననలేదు. వడ్డీ ఉంది, జరిమానా ఉంది, ప్రమోటర్ దగ్గర తీసుకున్న అప్పులు ఉన్నాయి. కానీ తన జేబులోకి రాని డబ్బు మీద ఒక్క డాలర్ టాక్స్ వేసినా తప్పే. ముందు దీనికి జవాబు చెప్పండి.

రాజారత్నం
టాక్స్ సంగతి తర్వాత. రమణమూర్తి గారు ఏప్రిల్ ప్రకటనను లూయిస్ ఖాతాలో వేస్తున్నారు. అది నిజం కాదు. దాని వెనక నల్లజాతి సంఘాల ఒత్తిడి ఉంది, పత్రికల పోరాటం ఉంది.

డోరీ మిల్లర్ సంగతి చూడండి. వెస్ట్ వర్జీనియా అనే యుద్ధనౌకలో వంటింటి ఉద్యోగి, ఆ ఓడ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. పెర్ల్ హార్బర్ రోజున గాయపడ్డ కెప్టెన్‌ను మోశాడు. ఎవరూ నేర్పని మెషిన్ గన్ పట్టుకుని విమానాల మీద కాల్చాడు. నేవీ మొదట ఆ మనిషి పేరు కూడా బయటపెట్టలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్ లాంటి పత్రికలు వెంటపడితే మార్చిలో పేరు తెలిసింది, మేలో నేవీ క్రాస్ పతకం వచ్చింది. 1943 నవంబరులో ఇంకో ఓడ మీద చనిపోయే నాటికి కూడా ఆయన వంటవాడే. ప్రాణం ఇచ్చినవాడికే పని మారలేదు. 47 వేల డాలర్లు చూసి నేవీ మారిందంటారా?

పైగా జూన్ 1 తర్వాత చేర్చుకున్నవాళ్లను కూడా ఎక్కువగా ఒడ్డు మీది పనులకే పంపారు. మొదటి నల్లజాతి ఆఫీసర్లు రావడానికి 1944 దాకా పట్టింది.

రమణమూర్తి
లూయిస్ ఒక్కడే మార్చాడని నేను అనలేదు. ఆయనకున్న పేరుకు బరువు ఉందంటున్నాను. కాన్సాస్‌లోని ఫోర్ట్ రైలీ సైనిక శిబిరంలో, తర్వాత బేస్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న జాకీ రాబిన్సన్, ఇంకొందరు నల్లజాతి యువకులు ఆఫీసర్ ట్రైనింగ్‌కు అర్హులై కూడా ఎదురు చూస్తూ కూర్చున్నారు. అక్కడే ఉన్న లూయిస్ యుద్ధ శాఖలోని ట్రూమన్ గిబ్సన్‌కు ఫోన్ చేశాడు. దారి తెరుచుకుంది. 1943లో రాబిన్సన్ సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. నేవీ మీద అలిగి ఇంట్లో కూర్చున్న ఛాంపియన్ ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తేవారా?

సైనికుల కోసం 90కి పైగా ఎగ్జిబిషన్ పోటీలు ఆడాడు. 1944లో అలబామాలోని క్యాంప్ సైబర్ట్‌లో బస్ స్టాప్ దగ్గర తెల్లవాళ్ల బెంచీ ఖాళీ చెయ్యమంటే లేవలేదు. పక్కన ఇంకో నల్లజాతి బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ ఉన్నాడు. ఇద్దరినీ పట్టుకెళ్లి, తర్వాత వదిలేశారు. ఆయన తలవంచుకుని బతికాడని ఎవరూ అనలేరు.

గోదారి_గాలి
బేస్‌బాల్ సంగతీ అంతే. 1945లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టు ఒంటి చేత్తో ఆడే తెల్ల ఆటగాడు పీట్ గ్రేను పెద్ద పోటీలైన మేజర్ లీగ్‌లో ఆడించింది. మంచి ఆటగాడే, గౌరవిస్తాను. కానీ రెండు చేతులూ ఉన్న నల్లజాతి ఆటగాడికి అదే సీజన్‌లో ఒక్క జట్టులోనూ చోటు లేదు.

రాజారత్నం
నేను వాలీబాల్ ఆడేవాణ్ణి. మా మండలం జట్టులో స్మాషర్‌ని. కప్పు గెలిచిన రోజు ఊరి పెద్దల ఇంట్లో విందు పెట్టారు. నాకూ మా పేటవాడు ఇంకొకడికీ పశువుల కొట్టం దగ్గర ఆకులేశారు. కప్పు మాత్రం మా చేత కూడా పట్టించి ఫొటో తీశారు. అప్పుడూ పెద్దవాళ్లు ఇదే చెప్పారు. ముందు బాగా ఆడు, గౌరవం దానంతటదే వస్తుందని. ఇంకా బాగా ఆడాను. ఆకు మాత్రం అక్కడే వేశారు.

రమణమూర్తి
మీకు జరిగింది చాలా తప్పు. కానీ దాన్ని ఇక్కడికెందుకు లాక్కొస్తున్నారు? మా నాన్నగారు సైన్యంలో పనిచేశారు. ఫలానా మర్యాద జరిగితేనే సరిహద్దుకు వెళ్తానని ఆయన ఏనాడూ అనలేదు. ఎదురుగా హిట్లర్ ఉన్నప్పుడు షరతులు పెట్టడం నాకు మింగుడుపడదు.

రాజారత్నం
మీ నాన్నగారిని తగ్గించి మాట్లాడను. కానీ ఆయన్ని వంటింటికే పరిమితం చేసి, తుపాకీ ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు కదండీ. ఎప్పుడూ మమ్మల్నే ముందు రుజువు చేసుకోమంటారు. తెల్ల బాక్సర్ని దేశభక్తి చూపించమని ఎవరడిగారు? ఇంత పొడుగు గొడవలో నా అభ్యంతరం అదొక్కటే. యుద్ధం అయ్యాక చూద్దాం అంటే ఎప్పటికీ చూడరు. ఆ జనవరి నెలాఖరులోనే కాన్సాస్ నుంచి జేమ్స్ థాంప్సన్ అనే యువకుడు పిట్స్‌బర్గ్ కొరియర్‌కు ఉత్తరం రాశాడు. బయటి శత్రువు మీదా, ఇంట్లోని వివక్ష మీదా రెండు విజయాలూ ఒకేసారి కావాలన్నాడు. షరతు పెట్టినంత మాత్రాన అతను దేశద్రోహి అయిపోలేదు.

రమణమూర్తి
సరే, సూటిగానే చెప్తాను. బలం లేకుండా పెట్టే షరతును ఎవరూ పట్టించుకోరు. లూయిస్ ముందు బలం కూడబెట్టాడు. 1944 జులైలో క్యాంప్ హుడ్ అనే సైనిక శిబిరం బస్సులో వెనక్కి వెళ్లనని జాకీ రాబిన్సన్ ఎదురు తిరిగాడు. కోర్టు మార్షల్ పెట్టారు, ఆగస్టులో నిర్దోషి అన్నారు. భుజం మీద ఆఫీసర్ బిళ్లలు ఉన్నాయి కాబట్టే ఆ మాత్రం విచారణ అయినా దక్కింది. ఆ బిళ్లల వెనక లూయిస్ ఫోన్ ఉంది.

రాజారత్నం
నిర్దోషి అన్నారు సరే. ఈలోగా ఆయన 761వ ట్యాంక్ బెటాలియన్ ఆయన లేకుండానే యూరప్ వెళ్లిపోయింది. బిళ్లలు ఉన్నా బస్సులో వెనక్కి పొమ్మన్నారు. మీ లెక్కలో ఎంత బలం ఉంటే చాలు?

సుజాత_కె
రాజారత్నం గారూ, ఆ జనవరిలో మీరే లూయిస్ స్థానంలో ఉంటే ఏం చేసేవారు?

రాజారత్నం
నల్లజాతి వాళ్లను ఓడల మీద అన్ని పనుల్లోకీ తీసుకుంటామని ముందు రాసివ్వమని అడిగేవాణ్ణి. రాసిస్తే ఉచితంగా ఆడేవాణ్ణి. రాసివ్వకపోతే పోటీ ఆడి, ఆ డబ్బు డోరీ మిల్లర్ లాంటివాళ్ల కుటుంబాలకు నేనే పంపేవాణ్ణి. నేవీ చేతికి మాత్రం ఇచ్చేవాణ్ణి కాదు.

రమణమూర్తి
నేనైతే నేవీకే ఇచ్చేవాణ్ణి. ఆ నిధి చనిపోయిన నావికుల భార్యాబిడ్డల కోసం పెట్టింది. నేవీ చేసిన తప్పుకు వాళ్లను పస్తులుంచను.