పెరాక్సైడ్ తగిలిన కణాలు బతికాయంటే మొక్క సారం యాంటీఆక్సిడెంట్ అయినట్టేనా?

పత్రహరితం:
ఒక ఆకు నుంచి తీసిన సారంతో కొన్ని నెలలుగా పనిచేస్తున్నాను. 96 గుంటల ప్లేటులో కణాలు పెంచి, సారం వేసి, రెండు గంటలు ఆగి, అదే మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) కణాలను దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపాను. మర్నాడు ఎమ్‌టీటీ (బతికిన కణాలుంటే ఊదాగా మారే పసుపు పదార్థం) వేసి చూస్తే, ఒట్టి పెరాక్సైడ్ పడిన గుంటలు పసుపుగా పాలిపోయి ఉన్నాయి. సారం కూడా పడిన గుంటలు ముదురు ఊదా రంగులో నిండుగా ఉన్నాయి. ర్యాడికల్స్ అనే చురుకైన అణువులను పట్టే గుణం చూసే డీపీపీహెచ్ పరీక్షలోనూ ఊదా ద్రావణం చూస్తుండగానే పసుపుకు తిరిగింది. ‘ఈ సారం కణాలను ఆక్సీకరణ ఒత్తిడి నుంచి కాపాడుతుంది’ అని రాసుకుంటే, సీనియర్ ఒకరు ‘ఇది గుంటలో జరిగిన రసాయనం, కణంలో జరిగింది కాదు’ అని పక్కన పెట్టేశారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కణదర్శి:
మీ సీనియర్ మాటే నిజమనిపిస్తోందండీ. ముందు ఒక్కటి చెప్పండి: పెరాక్సైడ్ వేసే ముందు సారాన్ని కడిగేశారా? మీరు రాసిన దాన్నిబట్టి కడగలేదు. అప్పుడు రెండూ ఒకే మీడియంలో కలిసి ఉన్నాయి. పెరాక్సైడ్ కణం దాకా చేరకుండా బయటే ఖర్చయిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు కణం దెబ్బ తట్టుకుందని అనలేం, అసలు దెబ్బే తగల్లేదు. మీడియంలో పైరువేట్ ఉందేమో కూడా చూసుకోండి, అది ఒక్కటే పెరాక్సైడ్‌ను బాగా తినేస్తుంది.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. తేయాకులో ఉండే ఈజీసీజీ లాంటి పాలీఫినాల్స్‌ను మామూలు కల్చర్ మీడియంలో వేస్తే అవే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయని బ్యారీ హాలీవెల్ బృందం 2000లోనే చూపించింది. అంటే మనం మందు అనుకుని వేసిందే ఒత్తిడి పెట్టొచ్చు. అందుకే పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ ఎంజైము కలిపిన గుంటలు కొన్ని పక్కన ఉండాలి.

ఇక ఆ ఊదా రంగు. ఎమ్‌టీటీని ఊదా రంగు ఫార్మజాన్‌గా మార్చడానికి బతికిన కణమే అక్కర్లేదు, పాలీఫినాల్స్ లాంటి ఫినాలిక్ పదార్థాలు నేరుగా మార్చేస్తాయి. కణాలు లేని గుంటల్లో మీడియం, సారం, ఎమ్‌టీటీ మాత్రమే వేసి చూడండి. ఈ ఒక్క వరుస లేకపోవడం వల్ల ఎంత మంచి శ్రమ వృథా అవుతోందో తలుచుకుంటే బాధగా ఉంటుంది. డీపీపీహెచ్ సంగతంటారా, అది ఆల్కహాల్‌లో చేసే పరీక్ష. ఆ ర్యాడికల్ మన శరీరంలో ఎక్కడా ఉండదు.

వేరుమూలం:
పరీక్షలో లోపం ఉంటే దిద్దుకోవాలి, ఒప్పుకుంటాను. అలాగని మొక్కల పదార్థాలన్నీ గుంటలో భ్రమలే అంటే మాత్రం ఊరుకోలేను. బ్రకోలీ నుంచి వచ్చే సల్ఫొరఫేన్‌ను చూడండి. అది కీప్1 ప్రోటీన్‌లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకు అతుక్కుంటుంది. దాంతో కీప్1 పట్టు నుంచి విడుదలైన ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి హీమ్ ఆక్సిజనేజ్-1, ఎన్‌క్యూఓ1, గ్లూటాథయోన్ తయారుచేసే ఎంజైములు, కణాన్ని కాపాడే వీటన్నిటి జన్యువులనూ లేపుతుంది. దీనికి కొన్ని గంటలు పడుతుంది. ఆ తర్వాత సారాన్ని పూర్తిగా కడిగేసినా కణం సిద్ధంగానే ఉంటుంది. ఇది కణం లోపల జరిగిన పని కాదంటారా?

కణదర్శి:
కచ్చితంగా కణం పనే. నేను అడిగేదీ అదే కదండీ! కానీ ర్యాడికల్‌ను నేరుగా పట్టే గుణం సల్ఫొరఫేన్‌కు లేదు. అది కణాన్ని కాస్త గిచ్చి దాని సొంత రక్షణను లేపుతోంది. అంటే డీపీపీహెచ్ అంకెకూ ఈ పనికీ సంబంధమే లేదు, రెంటినీ ఒకే వాక్యంలో కట్టేయకూడదు. ఎన్‌ఆర్‌ఎఫ్2ను జన్యువును అణిచే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో తగ్గించినప్పుడు రక్షణ పోతే, అప్పుడు మీ మాటకు నేనే సాక్ష్యం చెబుతా.

నేనింత పట్టుబట్టడానికి కారణం ఉంది. గుంటలో కాపాడింది మనిషినీ కాపాడుతుందని జనం నమ్మేస్తారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అది కూడా యాంటీఆక్సిడెంటే.

గుంటలవరుస:
ఇంకో మాట. ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ దాదాపు గాలిలో ఉన్నంత ఉంటుంది, కణజాలంలో అంతకంటే చాలా తక్కువ. మన కంట్రోల్ కణాలు కూడా ఒత్తిడిలోనే పెరుగుతున్నాయన్నమాట.

వేరుమూలం:
బీటా కెరోటిన్ మాట నిజమే. అయితే అది ఒక్క అణువు, పెద్ద మోతాదు, రోజూ పొగ తగిలే ఊపిరితిత్తులు. దాన్నిబట్టి ఏ సారాన్నీ ముందే దోషిని చేయొద్దు. పత్రహరితం గారూ, సారాన్ని 24 గంటలు ఉంచి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడిగి, కొత్త మీడియంలో పెరాక్సైడ్ వేసి చూడండి.

పత్రహరితం:
కణాలు లేని వరుస నిన్న పెట్టాను. ఒక్క కణం లేకుండానే గుంటలు ఊదా అయ్యాయి. ఎక్కువ మోతాదు వేసిన చివరి మూడూ మరీ ముదురుగా. ఆ ప్లేటు చూసినప్పుడు గుండె జారిపోయింది. రాసుకున్న వాక్యం కొట్టేశాను. ఎమ్‌టీటీ మానేసి అంటుకుని ఉన్న కణాలకు రంగు వేసే క్రిస్టల్ వయొలెట్‌తో, కణాలు లెక్కపెట్టి చూస్తాను. కడిగిన ప్లేటుకు ఇప్పుడే పెరాక్సైడ్ వేసి లోపల పెట్టొచ్చాను, కెటలేజ్ గుంటలు కూడా ఉన్నాయి. రేపు ఏది తేలినా ఇక్కడే రాస్తాను.