యాత్ర “పూర్తి చేశాము” అనవచ్చునా? “కడముట్టు” గురించి ఒక చర్చ

సభ్యులందరికీ నమస్కారం. ఒక్క క్రియాపదం గురించి మీ అభిప్రాయం కోరి ఇది రాస్తున్నాను. నిరుడు మే నెలలో నేను, మా తమ్ముడు స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న సంత్యాగో దె కాంపోస్తెలాకు సారియా అనే ఊరి నుంచి అయిదు రోజులు కాలినడకన వెళ్లాము. యేసు శిష్యుడు, జెబెదయి కుమారుడైన యాకోబు సమాధి అక్కడి కథీడ్రల్‌లో, అంటే ప్రధాన చర్చిలో, ఉన్నదనే విశ్వాసంతో మధ్యయుగాల నుంచి క్రైస్తవులు నడుస్తున్న దారి అది. దానిని అందరూ పిలిచే ‘కమీనో’ అనే పేరుకు స్పానిష్‌లో దారి అనే అర్థం. ఆ అనుభవాన్ని మా విచారణ (చర్చి పరిధిలోని సంఘం) పత్రికకు రాసి పంపితే, “సంత్యాగో చేరాము” అని నేను రాసిన చోట “యాత్రను విజయవంతంగా పూర్తి చేశాము” అని దిద్ది అచ్చువేశారు. దిద్దినవారి ఉద్దేశం మంచిదే గాని, ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు.

పూర్తి చేయడమంటే కొరతగా ఉన్నదానిని నింపడం. చదువు పూర్తి చేస్తాము, ఇంటి పని పూర్తి చేస్తాము, దరఖాస్తు పూర్తి చేస్తాము. ఎంత నిండాలో అక్కడ ముందే తెలుసు. కమీనోలోనూ అటువంటి లెక్క ఉన్న మాట నిజమే. గలీసియా ప్రాంతంలో దారి పక్కన నిలబెట్టిన రాళ్ల మీద ఆల్చిప్ప గుర్తు, పసుపుపచ్చ బాణం, వాటితోపాటు సంత్యాగో ఇంకా ఎంత దూరమో మూడు దశాంశ స్థానాల వరకు చూపే అంకె ఉంటాయి. మడతలు విప్పుకుంటూ పోయే యాత్రికుల పత్రంలో రోజుకు రెండు చోట్ల ముద్రలు వేయించుకోవాలి. నడిచినవారు కనీసం 100 కిలోమీటర్లు, సైకిలు మీద వచ్చినవారు కనీసం 200 కిలోమీటర్లు వచ్చినట్లు ఆ ముద్రలు చూపితే కథీడ్రల్ తరఫున ‘కాంపోస్తెలా’ అనే ధ్రువపత్రం ఇస్తారు. అయితే ఫ్రాన్స్ సరిహద్దు పట్టణం సేంట్ జాన్ పియే ద పోర్ నుంచి పిరనీస్ పర్వతాలు దాటి సుమారు 780 కిలోమీటర్లు నడిచి వచ్చినవారికీ, సారియా నుంచి 115 కిలోమీటర్లు నడిచిన మాకూ అదే ధ్రువపత్రం, అవే మాటలు. నింపడమే అసలు సంగతి అయితే మేము నింపినది చాలా తక్కువని ఒప్పుకోవలసి వస్తుంది.

ఆ పత్రం లాటిన్‌లో ఉంటుంది. ఇంటికి వచ్చాక నిఘంటువు పక్కన పెట్టుకొని దానిని మాట మాటగా చదివాను. ‘పెర్ఫెక్తో ఇతినెరె’, అంటే ప్రయాణము ముగియగా, అనే పదబంధం అందులో ఉన్నది గాని, అది ఉపవాక్యంగానే నిలుస్తుంది. యాత్రికుడు చేసిన పనిగా పత్రం చెప్పే మాట ‘విసితాస్సె’, దర్శించినాడని. మన వ్యాకరణంలో పెట్టి చూస్తే ఇది స్పష్టంగా కనబడుతుంది: “నడక ముగించి, ఈ పరమ పవిత్రమైన ఆలయమును భక్తితో దర్శించెను.” ముగించడం క్త్వార్థకం, అంటే వాక్యాన్ని ముగించకుండా తర్వాతి పనికి దారితీసే అసమాపక క్రియ; వాక్యాన్ని నిలబెట్టే సమాపక క్రియ దర్శించడం. పత్రికలో దిద్దిన వాక్యం ఈ క్రమాన్ని తలకిందులు చేసింది.

మన వాడుకలో సమాపక క్రియ మరొక చోట ఉన్నది. గుణదల మాత తిరునాళ్లకు కాలినడకన వెళ్లే మా వాళ్లు “గుణదల వెళ్లి, మొక్కు తీర్చుకొని వచ్చాము” అంటారు. వెళ్లడం, తీర్చుకోవడం రెండూ అసమాపకాలే. తిరిగి రావడంతో వాక్యం ముగుస్తుంది. రైళ్లు, విమానాలు లేని కాలంలో సంత్యాగో యాత్రికుడు వచ్చిన దూరమంతా తిరిగి నడవవలసినవాడే కాబట్టి, ఇల్లు చేరితేనే యాత్ర ముగిసినట్లు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర సైతం 1830 మే 18న చెన్నపట్నంలో మొదలై, 1831 సెప్టెంబరు 3న మళ్లీ చెన్నపట్నం చేరడంతోనే ముగిసింది. “వెళ్లి వచ్చాము” అనే మాట చాలా సాదాగా ఉంటుంది గాని, ఇంత పొడవైన దారిని అది ఇముడ్చుకుంటుంది.

అయినా, చేరిన క్షణానికి ఒక మాట కావాలి. నాకు అది తెలుగు బైబిలులో దొరికింది. పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో (లేఖలో), నాలుగవ అధ్యాయం ఏడవ వచనం: “మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని.” ఇక్కడ గ్రీకు మూలంలో ఉన్న క్రియే, సిలువ మీద యేసు పలికిన చివరి మాటలలో యోహాను రాసినదీ, కాని అక్కడ మన అనువాదకులు “సమాప్తమైనది” అన్నారు. ఆ గ్రీకు క్రియ ‘తెలోస్’ అనే నామవాచకానికి చెందినది, తెలోస్‌కు చివర అనే అర్థంతోపాటు గమ్యం అనే అర్థం కూడా ఉన్నది. ఒకే క్రియకు ఒక చోట సంస్కృత పదం, మరొక చోట అచ్చ తెలుగు పదం ఎంచుకున్నారంటే, పరుగుకు తగిన మాట వేరే ఉన్నదని వారికి తోచి ఉంటుందని నేను అనుకుంటున్నాను.

‘కడ’కు రెండు అర్థాలున్నాయి. ఒకటి చివర. రెండవది సన్నిధి: “తండ్రి కడకు వెళ్లెను” అన్నప్పుడు కడ అంటే దగ్గర. ‘ముట్టు’ అంటే తాకడం, చేరడం కూడా. పంపిన పైకం అందితే “ముట్టింది” అని ఇప్పటికీ అంటాము. కడముట్టడంలో చివరను తాకడం, ఒకరి సన్నిధికి చేరడం, పంపినది అందవలసిన చోట అందడం మూడూ కలిసి ఉన్నాయి.

సంత్యాగోలో ఈ మాట నాకు కంటికి కనబడింది. కథీడ్రల్ పడమటి ద్వారం లోపల, మాతేవు అనే శిల్పాచార్యుడు చెక్కించిన మహిమ ద్వారం ఉన్నది. దాని పైదూలాలు 1188లో నిలిపినట్లు అక్కడే శాసనం ఉన్నది. నడిమి పాలరాతి స్తంభం మీద, యేసు పూర్వీకుడైన యెష్షయి వంశవృక్షం చెక్కిన చోట, అయిదు వేళ్లు పట్టే గుంటలున్నాయి. అవి ఉలితో చేసినవి కావు; కొన్ని శతాబ్దాలుగా వచ్చిన యాత్రికులు ఒకరి తర్వాత ఒకరు అదే చోట చేయి ఆనించడం వల్ల రాయి అరిగి ఏర్పడినవి. ఇప్పుడు ముట్టనివ్వరు, దూరం నుంచే చూశాము. ఆ తర్వాత బలిపీఠం వెనుక ఇరుకు మెట్లెక్కి యాకోబు విగ్రహాన్ని వెనుక నుంచి కౌగిలించుకునే వరుసలో నిలబడ్డాము. దారి పొడుగునా మోకాలి నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకున్న మా తమ్ముడు, ఆ విగ్రహం భుజానికి నుదురు ఆనించి, వెనుకవారు కదిలే వరకు అలాగే ఉండిపోయాడు. దిగి వచ్చాక “అన్నయ్యా, ముట్టాం” అన్నాడు. ఆ వాక్యాన్ని “విజయవంతంగా పూర్తి చేశాము” అని దిద్దడం నాకు చేతకాదు.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: మీ వాదన బాగుంది గాని రెండు సందేహాలున్నాయండి. కొందరు యాత్రికులు సంత్యాగోలో ఆగక, సముద్రం వరకు నడుస్తారని విన్నాను. అప్పుడు కడ ఏది? రెండవది, ‘తుదముట్టించారు’, ‘కడతేర్చారు’ అని పత్రికలలో చంపడమనే అర్థంలో రోజూ చదువుతున్నాము. ‘కడముట్టించాము’ అంటే పాఠకుడు తప్పుగా తీసుకోడా?

నా సమాధానం: రెండూ అడగవలసిన ప్రశ్నలేనమ్మా. సంత్యాగో నుంచి పడమటికి మరో 90 కిలోమీటర్లు నడిస్తే ఫినిస్తెర్రె వస్తుంది. లాటిన్‌లో ఆ పేరుకు భూమి కడ అనే అర్థం. దీపస్తంభానికి దగ్గరలోని రాతి మీద మిగిలిన దూరం సున్నా అని ఉంటుందట. మాకు సెలవు చాలక వెళ్లలేదు. కడకు చివర అనే అర్థమే తీసుకుంటే అదే కడ, సన్నిధి అనే అర్థం తీసుకుంటే సంత్యాగోయే కడ. ఏ కడ అన్నది నడిచినవారు చెప్పుకోవలసినది, రెండింటికీ మాట ఒకటే సరిపోతుంది.

రెండవ సందేహం నన్నూ బాధించింది. అపొస్తలుల కార్యములలో పౌలు తన పరుగును “తుదముట్టింపవలెనని” అంటాడు. త్యాగరాజస్వామి మనసును “కడతేర రాదా” అని అడుగుతారు. ఇంత మంచి మాటలను మనం నేరవార్తలకు అప్పగించాము. కడముట్టుకు ఇంకా ఆ గతి పట్టలేదు, అందుకే దానిని వాడుకలో ఉంచాలని పట్టుబడుతున్నాను. అయితే మీరన్న ప్రమాదం ప్రేరణార్థకమైన ‘ముట్టించు’తోనే ఎక్కువ. పౌలు తన జీవితం గురించి అలా అనగలిగాడు. అయిదు రోజులు నడిచిన మేము “మా నడక కడముట్టింది” అని అకర్మకంగా అంటే చాలు. సవరణ కోసం పత్రికకు ఈ వాక్యం పంపుతున్నాను, తప్పులుంటే దిద్దండి: “సారియా నుంచి బయలుదేరిన మా నడక అయిదవ నాడు సంత్యాగోలో కడముట్టగా, యాకోబుగారి సమాధిని దర్శించుకొని ఇంటికి వచ్చాము.”