జీవిత చందాలు మోస్తున్న చిన్న పత్రిక ఇకపై ఎలా నడవాలి?

ప్రశ్న (బాగ్‌లింగంపల్లి):
నమస్కారమండీ. మాది 64 పేజీల సాహిత్య మాసపత్రిక. 2009లో మొదలుపెట్టాను. నెలకు 900 కాపీలు వేస్తే 410 జీవిత చందాదారులకే పోతాయి. అప్పట్లో వెయ్యి రూపాయలు కట్టినవాళ్లు. ఒక్కొక్కరికీ దాదాపు రెండు వందల కాపీలు వెళ్లాయి. ఆ డబ్బు ఎప్పుడో కాగితానికీ అచ్చుకీ అయిపోయింది, కానీ మాటిచ్చాను కదా.

షాపుల్లో విడి కాపీ 40 రూపాయలు. వాళ్ల కమీషన్ 40 శాతం పోగా నాకొచ్చేది 24, అచ్చుకయ్యేది 28. పోయిన నెల కోఠీ వైపు ఒక షాపుకి వెళ్తే మా కట్ట బల్ల కింద ఉంది. పురికొసకి నేనేసిన ముడి వేసినట్టే ఉంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

త్రైమాసికం చేసేయనా? మా అబ్బాయేమో అచ్చు ఆపేసి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపమంటున్నాడు. అనుభవమున్నవాళ్లు చెప్పండి.

జవాబు (చిక్కడపల్లి, ప్రెస్సు నడిపాను):
త్రైమాసికం జోలికి పోకండమ్మా. రిజిస్టరైన పత్రిక వంద గ్రాముల లోపుంటే పోస్టు ఖర్చు కాపీకి 50 పైసలు మించదు. ఆ రాయితీ కావాలంటే సంచికకీ సంచికకీ మధ్య 31 రోజులు దాటకూడదు. అది పోతే మామూలు రేటుకి పంపాలి, మిగిలిందంతా తపాలాకే పోతుంది. అచ్చుకిచ్చే ముందు కాగితం, అట్ట కలిపి ఓసారి తూకం వేయించండి. అట్ట కాస్త మందమైనా వంద దాటేస్తుంది.

జవాబు (వరంగల్, నాదీ చిన్న పత్రికే):
మూడేళ్ల కిందట జీవిత చందాదారులు 260 మందికీ పోస్టుకార్డులు రాశాను. ‘పత్రిక అందుతోందా? చదువుతున్నారా?’ అని అంతే, డబ్బు మాట ఎత్తలేదు. డెబ్బై దాకా తిరిగొచ్చాయి. కొన్నింటి మీద పోస్ట్‌మ్యాన్ ఎర్ర ఇంకుతో ‘చనిపోయారు’ అని రాశాడు. అన్నాళ్లూ ఆ ఇళ్లకి కాపీలు పంపుతూనే ఉన్నాను. అడక్కుండానే ఐదు వందలు, వెయ్యి పంపినవాళ్లూ ఉన్నారు. ముందు మీ జాబితా చూసుకోండి మేడమ్. కొత్తగా జీవిత చందా మాత్రం తీసుకోకండి. మూడేళ్లది చాలు.

జవాబు (మియాపూర్, పాఠకుడిని):
మా నాన్నగారి పేరు మీద ఇలాంటి పత్రిక ఒకటి ఇంటికొస్తుంది. చందా ఎప్పుడు అయిపోతుందో నాకు తెలియదు, వాళ్లూ చెప్పరు. రేపర్ మీది లేబుల్‌లో పేరు పక్కనే ముగిసే నెల వేయండి, కింద యూపీఐ క్యూఆర్ పెట్టండి. చూసిన నిమిషంలోనే కట్టేస్తాం. పీడీఎఫ్ విదేశాల్లో ఉన్నవాళ్లకి చందా తీసుకునే ఇవ్వండి. ఊరికే పంపితే ఒక్క పూటలో అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతుంది, ఇక కాపీ ఎవరు కొంటారు? డిసెంబరులో బుక్ ఫెయిర్‌కి ఎవరితోనైనా స్టాల్ పంచుకోండి. అక్కడ కొన్నవాళ్ల చిరునామాలు మీ చేతికే వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ దండాలు. మాసపత్రికగానే ఉంచుతాను. షాపుల్లో రెండింటికి తప్ప మిగతా వాటికి ఆపేస్తున్నాను. కార్డుల సంగతి చదివాక అల్మారాలోంచి తిరుగు టపా సంచీ తీశాను. ఆదోని చిరునామా ఒకటి వరసగా ఐదు నెలలు తిరిగొచ్చింది, నేను గమనించనే లేదు. మొదటి కార్డు ఆ ఇంటికే రాస్తున్నాను.