అప్‌డేట్: టీచర్ ఉద్యోగం మానేయాలా అని అడిగాను కదా

చీపురుపల్లి దగ్గర ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాననీ, పిల్లల్ని చూస్తేనే విసుగొస్తోందనీ, ఉద్యోగం మానేయాలా అనీ వేసవి సెలవుల ముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మానేయలేదు.

మీలో ఒకరు చెప్పిన మాట ధైర్యమిచ్చింది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలా పనితో పూర్తిగా అలసిపోవడాన్ని (బర్నౌట్) జబ్బుగా కాక, పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది. నిస్సత్తువ, పనిమీద విముఖత, ఏదీ సరిగా చేయలేకపోతున్నానన్న భావన. మూడూ నాలో ఉన్నాయి. అయితే నన్ను అలసగొట్టింది పాఠం కాదు. నల్లబల్ల మీద భిన్నాల లెక్క సగంలో ఉండగా హాజరు యాప్ తెరుచుకోదు. సిగ్నల్ కోసం వరండా చివరిదాకా వెళ్లి వచ్చేసరికి తరగతి చెదిరిపోతుంది. రాత్రి పదింటికి వాట్సాప్‌లో ‘వెంటనే పంపండి’ అని మరో నివేదిక.

హెడ్మాస్టరు గారితో అందరం కూర్చుని మాట్లాడాం. యాప్ పనులు ఇప్పుడు ఖాళీ పీరియడ్ ఉన్నవారికి వంతులవారీగా వెళ్తున్నాయి. ఎనిమిది దాటాక గ్రూపులో సందేశాలు లేవు. ధ్యానం చేయమన్నవారి మీద గౌరవమే, కానీ పని పంచకుండా ధ్యానం ఒక్కటే చేస్తే లాభం లేదని నా గట్టి నమ్మకం. నిద్రపట్టనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేశాను. తెలుగులోనే ఓపికగా విన్నారు. పైనుంచి వచ్చే నివేదికలు మాత్రం తగ్గలేదు. వాటిమీద ఉపాధ్యాయ సంఘం తరఫున వినతిపత్రం ఇస్తున్నాం.