సమస్యాపూరణం (ఇచ్చిన పాదంతో పద్యాన్ని పూర్తి చేయడం): ‘హార్డ్లి చదివిన వానికే యపజయంబు’

నిర్వాహకుడు, విజయనగరం: ఇది తేటగీతి అనే ఛందస్సులోని పాదం. ‘హార్డ్’ అంటే కష్టపడి అని తెలిసిన పిల్లలు, చివర ‘లీ’ చేరిస్తే మాటకు మరింత నిండుదనం వస్తుందని భావించి, ‘దాదాపు లేదు’ అని అర్థమిచ్చే ‘హార్డ్లీ’ని వాడి, ఇంటర్వ్యూలలో తమ శ్రమను తామే కాదనుకుంటున్నారు. ఆ బాధతోనే ఈ సమస్యను ఇస్తున్నాను.

సభ్యురాలు, బొబ్బిలి:

కోట గోడల చెంతను గూరుచుండి
పుస్తకమ్ములు తెరువక పొద్దుపుచ్చి
పేరు కొక పేజి తిప్పుచు బీరమాడి
హార్డ్లి చదివిన వానికే యపజయంబు

సభ్యుడు, చీపురుపల్లి: యతులన్నీ (పాదం మొదటి అక్షరానికీ, నడుమ నియమిత చోట వచ్చే అక్షరానికీ ఉండాల్సిన పొంతనలు) చక్కగా కుదిరాయమ్మా. ‘పే’కు ‘బీ’ని మైత్రిగా నిలిపి ‘బీరమాడి’ అనడం ఎంతో బాగుంది. అయితే రెండవ పాదంలో పుస్తకం తెరవనే లేదన్నారు, మూడవ పాదంలో పేజీ తిప్పించారు. తెరవనే లేదంటే అది ‘నాట్ ఎట్ ఆల్’ (అసలే లేదు) అవుతుంది. ‘హార్డ్లీ’ పూర్తిగా లేదని చెప్పదు, దాదాపు లేదని మాత్రమే చెబుతుంది. ‘పుస్తకమ్ములు చంకలో పొద్దుపుచ్చి’ అంటే గణాలూ (అక్షరాల కొలతలూ) యతీ చెడవు, ఆ పేరుకు తిప్పిన పేజీకీ చోటు మిగులుతుంది.

సభ్యుడు, గజపతినగరం:

హార్డు చదివిన వానికి హాయి గెలుపు
లీని తగిలింప నర్థమే లేమి యగును
భేద మెరిగిన మాస్టారు పిలిచి చెప్పె
‘హార్డ్లి చదివిన వానికే యపజయంబు’

నిర్వాహకుడు: సమస్యను మాస్టారి నోట పలికించడం వల్ల, చదివినవాడికే అపజయమనే పైకి కనిపించే విరోధం సహజంగా విడిపోయింది. ‘హాయి గెలుపు’ మాత్రం యతి కోసం అతికించినట్టుంది. ‘వానికి యశము గలుగు’ అంటే యతి నిలుస్తుంది, చివరి పాదంలోని అపజయానికి ఎదురుగా యశమూ నిలుస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో ‘హార్డ్’ క్రియ తరువాత వస్తుందని, ‘హార్డ్లీ’ సాధారణంగా ప్రధాన క్రియకు ముందు నిలుస్తుందని కూడా పిల్లలకు చెప్పాలి.

సభ్యురాలు, రాజాం: పూర్వపు ఇంగ్లీషులో ‘హార్డ్లీ’కి గట్టిగా, కష్టంగా అనే అర్థాలే ఉండేవి కదండీ. ఆ అర్థంలో పూరిస్తే దోషమా?

నిర్వాహకుడు: దోషం కాదమ్మా, కానీ అది పాతకాలపు ప్రయోగమని పద్యంలోనే సూచన ఉండాలి, లేకపోతే నేటి పాఠకుడు నేటి అర్థమే తీసుకుంటాడు. పూరించేవారికి మరొక మనవి: సమస్యను ‘హార్డ్లి చదువని’ అని మార్చకండి. ‘హార్డ్లీ’లోనే నిషేధం ఉన్నందువల్ల దానికి ఇంకొక నిషేధం చేరిస్తే, ప్రామాణిక ఇంగ్లీషులో ‘కాంట్ హార్డ్లీ’ తప్పయినట్టే, ఇక్కడా అర్థం తారుమారవుతుంది.